ధూటీల ఊరు

నూట పాతికేళ్ల నాటి మూగచిత్రం. ఒక మిల్లు గేటు తెరుచుకుంటుంది. లోపలి నుంచి జనం ఏరులా బయటికొస్తారు. ఆడవాళ్లే ఎక్కువ. తలమీద నుంచి భుజాల దాకా కప్పుకున్న ఉన్ని శాలువాలు, కాళ్లకు చెక్క అడుగు వేసిన బూట్లు. వాళ్ల పక్కన పదీ పన్నెండేళ్ల పిల్లలు, వాళ్లూ పనిలోంచి వస్తున్నవాళ్లే. ఒక పిల్లాడు కెమెరా ముందు ఆగి టోపీ తీసి ఊపుతాడు. ఒకామె నవ్వు ఆపుకోలేక శాలువా కొంగుతో నోరు మూసుకుంటుంది. అచ్చం మన వీధిలో ఫొటోగ్రాఫర్ ఎదురైతే మన అమ్మమ్మలు చేసినట్టే.

ఇలాంటి చిత్రాలు తీసింది సాగర్ మిచెల్, జేమ్స్ కెన్యన్ అనే ఇద్దరు. ఇంగ్లాండు వాయవ్యాన లాంకషైర్‌లో, మాంచెస్టర్‌కు ముప్పై మైళ్ల లోపే ఉన్న బ్లాక్‌బర్న్ వాళ్ల ఊరు. 1897లో కంపెనీ పెట్టారు. పగలు మిల్లు గేటు దగ్గర షిఫ్టు వదిలేటప్పుడు తీయడం, తర్వాత తిరునాళ్లలో గుడారం వేసి చూపించడం. ‘తెరమీద మిమ్మల్ని మీరే చూసుకోండి’ అంటే జనం డబ్బిచ్చి వచ్చేవారు. ఆ తర్వాత వాళ్లనీ, వాళ్ల సినిమాలనీ లోకం మరిచిపోయింది. 1994లో బ్లాక్‌బర్న్‌లో ఒక పాత దుకాణాన్ని కూల్చేముందు నేలమాళిగలో లోహపు పీపాలు కనబడ్డాయి. మూతలు తీస్తే ఎనిమిది వందలకు పైగా నెగెటివ్‌లు. వాటిని పారేయకుండా ఒకరు దాచిపెట్టడం వల్ల ఈవేళ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి.

మగ్గాల వీధిలో పెరిగిన నాకు ఆ చిత్రాలు చూసిన ప్రతిసారీ ఒకటే ఆలోచన. వీళ్లు ఆరోజు లోపల నేసి వచ్చింది ఏమిటి? ఎవరి కోసం? చాలామటుకు జవాబు ఒకటే. పంచెలు. మనకోసం.

మన చరిత్ర పాఠాల్లో అంతా ‘మాంచెస్టర్ గుడ్డ’. నిజానికి మాంచెస్టర్ అమ్మింది. ఓల్డమ్, బోల్టన్ లాంటి ఊళ్లు నూలు వడికాయి. ఉత్తరాన బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, ప్రెస్టన్ నేశాయి. అందులో బ్లాక్‌బర్న్ ప్రత్యేకత భారతదేశపు సరుకు. ధోతీ అనే మాట అక్కడి వ్యాపారుల నోట ‘ధూటీ’ అయి, మిల్లు లెక్కల పుస్తకాల్లో అలాగే నిలిచిపోయింది. కలకత్తా ఎలా ఉంటుందో ఊహకైనా అందని నేతగత్తెకు ధూటీ అంచు మాత్రం కళ్లు మూసుకున్నా తెలుసు. మల్మల్ నుంచి పుట్టిన ‘మల్’ కూడా వాళ్ల సరుకే, మన తాతలు మల్లు పంచె అన్నది దాన్నే.

ఇంకో పేరుంది. అది విన్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. మడపోలమ్. మెత్తటి తెల్ల నూలుబట్ట. లాంకషైర్ మిల్లుల ఎగుమతి జాబితాల్లో నూరేళ్లకు పైగా కనబడే రకం. ఆ మాట ఎక్కడిదో కాదు, గోదావరి పక్కన నరసాపురం దగ్గరి మాధవాయపాలెం. ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ, అంటే సరుకు కొని నిలవచేసే కొట్టు, పెట్టుకుని మన సాలెలు నేసిన బట్టని ఓడల్లో పంపింది. బందరులో అయితే 1611లోనే దిగారు. మన అద్దకం బట్టల మోజు ఎంతగా ముదిరిందంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని 1700లోనూ 1721లోనూ ఇంగ్లాండు పార్లమెంటు చట్టాలు చేసి ఆపవలసి వచ్చింది. వందేళ్లు తిరిగేసరికి ఓడలు అటునుంచి ఇటు నిండుగా రావడం మొదలైంది. గోదావరి ఒడ్డున మాధవాయపాలెం మగ్గం ఆగిపోయింది, పేరు మాత్రం లాంకషైర్‌లో మరమగ్గం మీద నడిచింది.

అలాగని బ్లాక్‌బర్న్‌ని మన పాలిటి దొంగగా చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ ఊరి లోపలికి వెళ్లి చూస్తే, మనకు జరిగిందే అక్కడ ముందు జరిగింది.

1764 ప్రాంతంలో ఊరి పొలిమేరల్లోని స్టాన్‌హిల్ అనే పల్లెలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఒకే చక్రంతో ఎనిమిది కదుళ్లు తిప్పే యంత్రం చేశాడు. స్పిన్నింగ్ జెన్నీ. రాట్నం తిప్పి బతికేవాళ్లు గుంపుగా వచ్చి 1768లో దాన్ని విరగ్గొట్టారు. అతను ఊరొదిలి నాటింగ్‌హామ్ పోయాడు. అది వడికేవాళ్ల గోడు. నేసేవాళ్ల వంతు 1826 ఏప్రిల్‌లో వచ్చింది. మరమగ్గాలతో కూలి పడిపోయి, తిండి లేక, చేతిమగ్గం సాలెలు బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల నాలుగు రోజుల్లో వెయ్యికి పైగా మరమగ్గాలు పగలగొట్టారు. చాటర్టన్ దగ్గర సైనికులు కాల్పులు జరిపి మనుషుల్ని చంపారు. ఆ తర్వాత చేతిమగ్గం అక్కడ లేవలేదు. మన దగ్గర ఆగిపోయిన మగ్గం కంటే ముందే, అక్కడి ఇంటి మగ్గం ఆగిపోయింది. ఆ ఇళ్ల పిల్లలే మిల్లు గేట్లలోకి నడిచారు.

కాలువ 1810లో ఊరికి చేరింది. దగ్గర్లో బొగ్గు. ఎప్పుడూ చెమ్మగా ఉండే గాలి, పొడిగాలిలో లాగా నూలు పుటుక్కున తెగదు. 1801లో సుమారు పన్నెండు వేల జనం ఉన్న ఊరు 1911కి లక్షా ముప్పై వేలు దాటింది. ఎటు చూసినా పొగగొట్టాలే. వేసవిలో మిల్లులన్నీ ఒక్కసారి మూసే సెలవుల వారంలో ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. ఆ వారం ఊళ్లో మిగిలినవాళ్లకు పొగ విడిపోయి చుట్టూ కొండలు కనబడేవి.

లోపలి పని గురించి రెండు సంగతులు చెప్పాలి. మగ్గం తెలిసిన తెలుగువాళ్లకు ఇవి ఇట్టే అర్థమవుతాయి.

మొదటిది గంజి. మన సాలె వీధుల్లో పొద్దున్నే పడుగు చాపి, అన్నపు గంజో జొన్న గంజో పట్టించి, కుంచెతో దువ్వుతారు. నేసేటప్పుడు పోగు తెగకుండా ఆ మాత్రం గంజి చాలు. బ్లాక్‌బర్న్ ఆ గంజిని వ్యాపారం చేసింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దూది ఓడలు ఆగిపోయాక, ఉన్న కాస్త నూలుతో ఎక్కువ బరువు బట్ట తూచాలి. పిండీ పశువుల కొవ్వుతో పాటు చైనా మట్టిని కూడా గంజిలో కలిపారు. యుద్ధం ముగిశాక కూడా ఆ అలవాటు పోలేదు. కొన్ని రకాల్లో నూలు ఎంత బరువో గంజి అంతే బరువు. బూజు పట్టకుండా జింక్ క్లోరైడ్ కూడా వేసేవారు. అలాంటి బట్ట కొట్లో దిట్టంగా, చేతికి బరువుగా ఉండేది. ఇంటికి తెచ్చి ఒక్క ఉతుకు ఉతికితే మట్టి వాగులో కలిసిపోయి, చేతిలో జల్లెడలాంటి గుడ్డ మిగిలేది. సీమగుడ్డ మోసమని మన పెద్దవాళ్లు అనుకున్నారంటే అందులో స్వదేశీ ఉద్యమ ప్రచారం ఒక్కటే లేదు, వాళ్ల చేతుల అనుభవం ఉంది.

అదే మట్టి నేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి కూడా పోయింది. అంత మట్టి పట్టిన పడుగు పెళుసుగా తయారవుతుంది. తెగకుండా ఉండాలని షెడ్డులోకి ఆవిరి వదిలేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఉక్కలో తడిసి, బయట గడ్డకట్టే చలిలోకి నడవాలి. ఆవిరికి హద్దులు పెడుతూ 1889లో చట్టం వచ్చిందంటే ఎంత పోరాడి ఉంటారో ఊహించుకోవచ్చు. పంచె కట్టుకున్న మన రైతుదీ ఆ పంచె నేసిన మనిషిదీ ఒకే నష్టం. లాభం మూడోవాడిది.

రెండోది నాడె. కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, పోగు కొసని నాడె కన్నంలోంచి బయటికి తియ్యాలి. వేగంగా చేసే దారి ఒక్కటే: కన్నానికి పెదవులు ఆనించి గట్టిగా పీల్చడం. వాళ్లు దీన్ని నాడెను ముద్దాడటం అనేవారు. నాలుగు మగ్గాలు ఒంటిచేత్తో నడిపే మనిషి రోజుకు వందలసార్లు చేసే పని. ఒకే నాడె ఎందరి నోళ్లో తిరిగేది. దూది నలకలు, నూనె, గంజి, పక్కమనిషి దగ్గు, అన్నీ నోట్లోకే. పళ్లు పుచ్చిపోయేవి. లాంకషైర్‌లో ఈ పద్ధతిని చట్టం ఆపింది 1952లో. అంటే మనకు స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకు.

షెడ్డులో వందల మగ్గాల మోతకు చెవులు పనిచెయ్యవు. అందుకని నోరు బాగా తెరిచి, పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా మాట్లాడుకునే ఒక భాష పుట్టింది. ‘మీ-మా’ అనేవారు. మిల్లులు పోయాక కూడా ఆ ముసలమ్మలు బస్సులో అటు చివర ఇటు చివర కూర్చుని ఊరి కబుర్లన్నీ నిశ్శబ్దంగా చెప్పుకునేవారట. దాదాపు అందరూ వెళ్లిపోయారు, వాళ్లతో పాటు ఆ భాషా పోయింది.

ఈ కష్టంలోంచే ఒక గౌరవం కూడా పుట్టింది. 1853లో నేతగాళ్ల సంఘమూ మిల్లు యజమానులూ కూర్చుని ఏ రకం గుడ్డకు ఎంత కూలి అనేది పట్టిక రాసుకున్నారు. ‘బ్లాక్‌బర్న్ లిస్టు’ అని దానికి పేరు. గుడ్డను బట్టి కూలి తప్ప నేసింది ఆడా మగా అన్న లెక్క లేదు. మిగతా ప్రపంచం ఇంకా ఆలోచించని రోజుల్లో ఈ ఊరి నేతగత్తె తన కూలి తాను లెక్కగట్టుకుని తీసుకుంది. 1945లో ఈ ఊరు బార్బరా కాసిల్‌ను పార్లమెంటుకు పంపి, 1979 దాకా గెలిపిస్తూ వచ్చింది. బ్రిటన్‌లో ఆడవాళ్లకు సమాన వేతనమిచ్చే 1970 చట్టం తెచ్చిన మంత్రి ఆమే. అలాంటి మంత్రి ఇలాంటి ఊరి నుంచి రావడంలో నాకేమీ ఆశ్చర్యం కనిపించదు.

దర్జా ఎంతకాలం సాగింది? 1913లో బ్రిటన్ నుంచి మన దేశానికి దాదాపు 300 కోట్ల గజాల నూలుబట్ట వచ్చింది. వాళ్ల మొత్తం ఎగుమతిలో అది నూటికి నలభై పైమాటే. ఊరి బతుకంతా ఒక్క కొనుగోలుదారు మీద వేలాడుతోందన్నమాట. మొదటి ప్రపంచయుద్ధం ఆ పోగు తెంపింది. యుద్ధకాలంలో బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు కుదురుకున్నాయి. జపాన్ చవకబట్టతో దిగింది. దిగుమతి సుంకాలు పెరిగాయి. పైన స్వదేశీ, విదేశీ వస్త్రదహనం. 1930కి బ్లాక్‌బర్న్‌లో మిల్లు తర్వాత మిల్లు తలుపులు మూసుకుంది. మూలమూలనా పనిలేని మనుషులు. మనం వీధుల్లో సీమగుడ్డ తగలబెట్టి ఉప్పొంగిన సాయంత్రాలు అక్కడ పొయ్యి వెలగని సాయంత్రాలయ్యాయి. మన పోరాటం న్యాయమైంది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆ పొయ్యి గురించి తెలుసుకోవలసిన బాధ్యత కూడా మనదేనని నమ్ముతాను. ఎందుకంటే ఒకాయన దాన్ని తన బాధ్యత అనుకున్నాడు.

1931 సెప్టెంబరు. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీ, 25వ తేదీ రాత్రి రైల్లో డార్వెన్ చేరాడు. బ్లాక్‌బర్న్‌కు నాలుగైదు మైళ్ల దక్షిణాన, కొండల ఇరుకులో పొడుగ్గా సాగిన మిల్లు ఊరు డార్వెన్. స్ప్రింగ్ వేల్ అనే పేటలో ఒక మిల్లు యజమాని కుటుంబం ఇంట్లో దిగాడు. తమ తిండి పోగొట్టినవాణ్ని ఈ జనం ఏంచేస్తారో అని పోలీసులకు భయం. మర్నాడు గ్రీన్‌ఫీల్డ్ మిల్లు ముందు తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తెల్లటి ఖద్దరు శాలువాలో గాంధీ చేతులు జోడించి మధ్యలో ఇమిడిపోయి ఉంటాడు. చుట్టూ మిల్లు ఆడవాళ్లు, పనిలో కట్టుకునే ఏప్రన్లతోనే, చేతులు పైకెత్తి జేజేలు కొడుతూ.

ఆ ఫొటోను చాలాసేపు చూశాను. ఒకామె నోరు తెరిచి అరుస్తోంది, పక్కామె ఆయన చెయ్యి పట్టుకోవాలని ముందుకు వంగింది. ఆ రోజుల్లో ఆయన వాళ్లకు దాపరికం లేకుండా చెప్పాడు. మీ దగ్గర ముప్పై లక్షల మంది పనిలేనివాళ్లు ఉన్నారు, మా దగ్గర ఏడాదిలో సగం రోజులు పనిలేనివాళ్లు కోట్లలో ఉన్నారు, మీ బాధ చూస్తే నాకు నొప్పిగా ఉంది గాని, మా గుడిసెల్లో రాట్నం ఆపి మీ మగ్గం నడపమనలేను అని. అంత నిజం చెప్పినా జేజేలు కొట్టారు. తిండిలేకపోవడం ఏమిటో తెలిసినవాళ్లు, తిండిలేనివాళ్ల గురించి మాట్లాడే మనిషిని గుర్తుపట్టారు. ఈవేళ బ్లాక్‌బర్న్ రైల్వేస్టేషన్‌లో, ఆ ప్రాంతంతో ముడిపడిన ప్రముఖుల ముఖాలు చెక్కిన ఉక్కు పలక మీద విక్టోరియా మహారాణితో పాటు గాంధీ కూడా ఉన్నాడు.

అదే డార్వెన్‌లో మరో గుర్తు ఎవరి కంటబడకుండా పోయే వీలులేదు. ఇండియా మిల్లు పొగగొట్టం. 1867లో కట్టారు. మూడు వందల అడుగుల ఎత్తు. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటల గోపురం నమూనాగా ఎర్ర ఇటుకతో, నగిషీలతో లేపారు. పొగ వదిలే గొట్టానికి అంత సొగసు ఎందుకంటే, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మిల్లు పేరే చెబుతుంది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక నేత కాస్త తేరుకుంది. కొత్త యంత్రాలు కొన్నారు. వాటి ఖర్చు రాబట్టాలంటే ఇరవైనాలుగు గంటలూ తిప్పాలి. ఫ్యాక్టరీ చట్టం ప్రకారం ఆడవాళ్లకు రాత్రి పని కుదరదు. స్థానిక మగవాళ్లు ఆ కూలికి రాత్రంతా నిలబడటానికి ఇష్టపడలేదు. ఆ ఖాళీలోకి 1950ల చివర్లో, 60లలో గుజరాత్‌లోని భరూచ్, సూరత్ పల్లెల వాళ్లు, పాకిస్తాన్ పంజాబ్, మీర్పూర్ వైపు వాళ్లు వచ్చారు. తర్వాత తూర్పు ఆఫ్రికా నుంచి గుజరాతీలు వచ్చి కలిశారు. మొదట మగవాళ్లే. ఒకే ఇల్లు, రాత్రి షిఫ్టువాడు లేచిన మంచం మీద పగలు షిఫ్టువాడు పడుకోవడం. ఏ దేశానికి గుడ్డ నేసి బతికారో ఆ ఉపఖండం మనుషులే వచ్చి ఆ మగ్గాల చివరి రోజుల్ని లాక్కొచ్చారు.

మిల్లులు 1970, 80లలో వరసగా మూతబడ్డాక, వాళ్లు వెనక్కి పోలేదు. టాక్సీ పట్టారు, కిరాణా పెట్టారు, టేక్‌అవేలు తెరిచారు. నేతపనికి వచ్చిన ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు మొహ్సిన్ ఇస్సా, జుబేర్ ఇస్సా 2001లో ఒక పెట్రోలు బంకుతో మొదలుపెట్టి, ఇరవయ్యేళ్లు తిరిగేసరికి బ్రిటన్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్ గొలుసుల్లో ఒకటైన ఆస్డాను భాగస్వాములతో కలిసి కొన్నారు. వాళ్ల కంపెనీ కేంద్రం పెట్టుకున్నది బ్లాక్‌బర్న్‌లోనే. తౌహీదుల్ ఇస్లామ్ బాలికల బడి ఈ ఊరి వలస కుటుంబాలు చందాలతో నిలబెట్టుకున్నదే. పిల్లల ప్రగతిని కొలిచే ప్రభుత్వ లెక్కల్లో ఇంగ్లాండు మొత్తం మీద ముందువరసలో నిలిచిన బడి అది. వాలీ రేంజ్ వీధిలో నడిస్తే గాజులు, చీరలు, అత్తరు, వేడి జిలేబీలు. ఆ పక్క సందుల్లో ఇళ్లు మాత్రం అవే రెండు గదుల మిల్లు కూలీల వరస ఇళ్లు, గోడకు గోడ ఆనించి కట్టినవి.

2021 జనగణనలో బ్లాక్‌బర్న్ విత్ డార్వెన్ బరోలో, అంటే ఆ రెండు ఊళ్లూ కలిసిన స్థానిక పాలనా ప్రాంతంలో, ముస్లింలు 35 శాతం. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ తర్వాత ఇంగ్లాండులో ఇదే అత్యధికం. ఇక్కడో కష్టమైన సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ఊళ్లో తెల్లవాళ్ల పేటలు, ఆసియావాళ్ల పేటలు వేరువేరుగా పెరిగాయి. 2007లోనూ 2018లోనూ బీబీసీ పనోరమా ఈ ఊరిమీదే కార్యక్రమం తీసి, రెండు సమూహాలూ ఒకదానికొకటి కనబడకుండా బతుకుతున్నాయని చూపించింది. 2006లో ఊరి ఎంపీ జాక్ స్ట్రా తన దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ముఖం మీది ముసుగు తీస్తే బాగుంటుందని స్థానిక పత్రికలో రాసినప్పుడు దేశమంతా రగిలింది. 2016లో బరో 56 శాతంతో యూరప్ నుంచి విడిపోదామని ఓటేసింది. 2024 ఎన్నికల్లో గాజా యుద్ధం మీద కోపంతో జనం దశాబ్దాల లేబర్ సీటును 132 ఓట్ల తేడాతో ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో పెట్టారు.

వేరుపడటానికి మతాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపేవాళ్లతో నేను ఏకీభవించను. షెడ్డు ఉన్నప్పుడు మనుషులు కలవడానికి ఒక చోటుంది. షిఫ్టులో పక్కవాడి మగ్గం చెడితే చెయ్యి వెయ్యాలి, సంఘం చందా ఇద్దరూ కట్టాలి. నిజానికి అక్కడ కూడా రాత్రి షిఫ్టు ఒకరిది, పగలు షిఫ్టు ఒకరిది, కలిసింది గేటు దగ్గర పది నిమిషాలే. ఆ గేటు కూడా పోయాక ఇద్దరూ కలిసేది ఎక్కడ? పిల్లల బళ్లు వేరు, కొట్లు వేరు. బరో మొత్తం ఇంగ్లాండులోని అతి పేద ప్రాంతాల్లో ఒకటి, పేదరికం రెండు పేటల్లోనూ ఉంది. ఒకరి పేదరికం ఇంకొకరికి కనబడదు, అంతే.

వాళ్లందరినీ ఒక్కచోట చేర్చవలసింది ఫుట్‌బాల్. అది మనవాళ్ల చేతికొచ్చింది కాబట్టి ఆ కథ మనం తప్పించుకోలేం.

1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు, మిల్లు పనివాళ్లూ ఇనుప ఫౌండ్రీ పనివాళ్లూ ఉన్న జట్టు, దొరల బడి ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టును 2-1తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు పట్టుకుని ఉత్తరాదికి తెచ్చింది. కూలి చేసుకునేవాళ్లు ఆ కప్పు గెలవడం అదే మొదలు. 1875లో పుట్టిన బ్లాక్‌బర్న్ రోవర్స్ తర్వాతి మూడేళ్లూ వరసగా గెలిచింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన పన్నెండు క్లబ్బుల్లో రోవర్స్ ఒకటి. ఆపై చాలాకాలం మిల్లులతో పాటే క్లబ్బూ వాడిపోయింది. ఈ ఊళ్లోనే పుట్టి, ఉక్కు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ 1991లో క్లబ్బు పగ్గాలు తీసుకుని డబ్బు గుమ్మరించాడు. 1995 మే 14న, ఆఖరి మ్యాచ్ ఓడిపోయి కూడా, అటు మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేకపోవడంతో రోవర్స్ ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయింది. 81 ఏళ్ల తర్వాత వచ్చిన టైటిల్. మిల్లులన్నీ పోయిన ఊరికి ఆ ఒక్క మధ్యాహ్నం ఎంత ఇచ్చిందో బయటివాళ్లకు చెప్పడం కష్టం.

వాకర్ 2000లో పోయాడు. 2010 నవంబరులో రోవర్స్‌ను 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది వెంకీస్. మన పేపర్లలో రోజూ కనబడే నెక్ గుడ్డు ధర ఉంది కదా, ఆ నెక్‌ను 1982లో నిలబెట్టిన డాక్టర్ బి.వి. రావు, అంటే బండా వాసుదేవరావు, 1971లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్ కుటుంబమే ఇది. తర్వాత పూనే కేంద్రంగా ఎదిగింది. ఆయన పిల్లలు క్లబ్బును కొన్నప్పుడు తెలుగు పత్రికలు గర్వంగా రాశాయి. నెల తిరక్కుండా మేనేజర్ మారాడు. 2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగన్ చేతిలో ఓడి రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఆ రాత్రి వాన. ఆట మధ్యలో ఎవరో అభిమాని రోవర్స్ జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలాడు. తడిసిన గడ్డిమీద అది బెదురుగా పరుగెడుతుంటే ఆటగాళ్లు ఆగి చూశారు. ఆ దృశ్యం ప్రపంచమంతా నవ్వులాటగా చూసింది. నాకు మాత్రం అందులో ఒక ఊరి ఏడుపు వినిపించింది. 2017లో మూడో అంచెకు పడి, మరుసటి ఏడాదే మళ్లీ రెండో అంచెకు ఎక్కింది. యజమానులు ఏటా కోట్ల పౌండ్లు పోసి క్లబ్బును మునగకుండా నిలబెట్టారు, అదీ నిజమే. అభిమానులు అడిగింది డబ్బు కాదు, వచ్చి తమ మధ్య కూర్చోమని, తమకు జవాబు చెప్పమని. దూరాన ఉన్న యజమాని చేతిలో తన బతుకు ఉండటం ఎలా ఉంటుందో బ్లాక్‌బర్న్‌కు అప్పుడు తెలిసింది. మాధవాయపాలేనికి అది చాలా ముందే తెలుసు.

డార్వెన్‌వాళ్లు ఈ కథ మొత్తం విని ‘మాది వేరే ఊరు’ అంటారు. 1974లో తమను బ్లాక్‌బర్న్‌లో కలిపినందుకు వాళ్లకు ఈనాటికీ గుర్రే. 1997లో బరో పేరులో ‘విత్ డార్వెన్’ చేర్చింది ఆ అసంతృప్తి తగ్గించడానికే. తమ ఊరి పేరును ‘డారెన్’ అని పలికేవాడే లోపలివాడు. నేత పోయినా అక్కడ పనితనం పోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల గాజుకప్పులకు వాడిన పెర్‌స్పెక్స్ అనే గాజులాంటి ప్లాస్టిక్ యుద్ధం తర్వాత కూడా డార్వెన్‌లో తయారైంది. గోడల రంగులూ ఆ చుట్టుపక్కలవే. ఊరిపైన బీడుకొండ మీద నడిచే హక్కు కోసం భూస్వామితో కొట్లాడి గెలిచి 1898లో రాతి బురుజు కట్టుకున్నారు. దానిమీదికెక్కితే ఇండియా మిల్లు గొట్టం నిటారుగా కనిపిస్తుంది, పొగ లేకుండా.

చివరగా ఒక పొలం. 2021లో బ్లాక్‌బర్న్‌లో ఖాళీగా పడున్న కాస్త నేలను కొందరు చదునుచేసి అవిసె విత్తారు, పక్కనే నీలిరంగునిచ్చే వోడ్ అనే మొక్క వేశారు. పూనుకున్నవాళ్లలో ప్యాట్రిక్ గ్రాంట్ అనే దుస్తుల డిజైనర్ ఒకడు. మూతబడే దశలో ఉన్న బ్లాక్‌బర్న్ బట్టల ఫ్యాక్టరీ ఒకదాన్ని 2015లో కొని నడుపుతున్నాడు. ఉద్దేశం ఏమిటంటే ఊరి మట్టిలో పండిన నారతో, ఊరి మొక్క రంగుతో ఒక జీన్స్ కుట్టడం. అవిసె ఆ నేలకు కొత్తేమీ కాదు. మరమగ్గాలకు ముందు ‘బ్లాక్‌బర్న్ గ్రే’ అని పేరుపడ్డ గుడ్డకు పడుగు అవిసె నారే, పేక మాత్రం నూలు.

ఊరివాళ్లు వారాంతాల్లో వచ్చి కలుపు తీశారు. కాసిన అవిసెను వేళ్లతో సహా పీకి, నానబెట్టి, ఎండబెట్టి, దంచి, దువ్వి నార తీశారు. ఆ నారను నూలుగా మార్చడానికి ఊళ్లో యంత్రం ఒక్కటీ మిగల్లేదు. అందుకని చేతిరాట్నాలు తెచ్చుకుని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని, తడివేళ్లతో పోగు లాగడం మొదటి నుంచి నేర్చుకున్నారు.